విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

సెప్టెంబర్ 15 వస్తే మనందరం విశ్వేశ్వరయ్య గారి ఫోటోకి దండ వేస్తాం, ఇంజనీర్స్ డే అని స్టేటస్ పెట్టుకుంటాం. ఆ విశ్వేశ్వరయ్య గారే ఒకప్పుడు కోయంబత్తూరు వెళ్ళి ఒకాయన వ్యవసాయ క్షేత్రం చూసి వచ్చారు. సి.వి. రామన్ గారు కూడా వెళ్ళి చూశారు. ఇంత పెద్దవాళ్ళు చూడ్డానికి వెళ్ళిన ఆ మనిషికి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. అసలు ప్రాథమిక చదువే సరిగ్గా దాటలేదు. ఆయన ఇంట్లో మాట్లాడుకునే భాష మాత్రం మనదే, తెలుగు. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. కోయంబత్తూరులో ఎవరినడిగినా జి.డి. నాయుడు అంటే చాలు. హైదరాబాద్‌లో మా మెకానికల్ సెక్షన్‌లో అడిగితే అరవై మందిలో ఇద్దరు చేతులెత్తారు. అందుకే ఈసారి పత్రికకి కవిత అడిగితే, కవిత రాదు, ఈయన గురించి రాస్తానని చెప్పా.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్ళో పుట్టారు. కొన్ని వందల ఏళ్ళ క్రితం తెలుగు నేల నుంచి వెళ్ళి కొంగునాడులో స్థిరపడిన వ్యవసాయ కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఆ పక్క ఇలాంటి ఊళ్ళు చాలానే ఉన్నాయి. బజార్లో తమిళం, గడప లోపల తెలుగు. చిన్నప్పుడే తల్లి పోయింది. బడి అంటే ఆయనకి గిట్టలేదు. పొలం పనిలో పెట్టారు. ఒక సగటు జీవితం అలాగే గడిచిపోవాల్సిందే. కానీ ఒకరోజు ఆ మట్టిరోడ్డు మీదికి ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ కంపెనీ మోటార్ సైకిల్ మీద వచ్చాడు.

ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి నడుస్తోంది. ఊళ్ళో అందరూ చూశారు, చూసి ఇంటికి పోయారు. ఈయన మాత్రం అది నాక్కావాలి అనుకున్నారు. అప్పట్లో మోటార్ సైకిల్ కొనడమంటే ఒక పల్లెటూరి కుర్రాడికి మాటలు కాదు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వర్‌గా చేరారు. చిన్నాచితకా పనులన్నీ చేశారు. మూడేళ్ళు కూడబెడితే మూడు నాలుగు వందల రూపాయలు పోగయ్యాయి. దాంతో ఆ మోటార్ సైకిల్‌ని కొనేశారు.

మనమైతే ఏం చేస్తాం? తాళం తీసి ట్యాంక్‌బండ్ మీద ఒక రౌండ్ వేస్తాం. ఆయన ఎక్కి తిరగలేదు. ముక్క ముక్కగా విప్పేశారు. విప్పి మళ్ళీ బిగించారు. మూడేళ్ళ కష్టార్జితాన్ని నేల మీద పరిచి కూర్చోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఒక్క స్క్రూ పోతే కోయంబత్తూరులో ఇంకొకటి దొరకదు. మాన్యువల్ ఉన్నా చదవడానికి ఇంగ్లిష్ కావాలి.

ఆ బండి విప్పినప్పుడు ఆయనకి ఏం కనిపించి ఉంటుందో మెకానికల్ వాళ్ళం ఊహించుకోగలం. ఆ కాలపు మోటార్ సైకిల్లో ట్యాంకు పైన ఉంటుంది. కింద ఒక కుళాయి. అక్కడి నుంచి సన్నటి రాగి గొట్టం వంపు తిరిగి కార్బొరేటర్‌లోకి వెళ్తుంది. పంపు లేదు, సెన్సర్ లేదు. పైనున్న పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. బండి ఆగిపోతే ముందు చూడాల్సినవి రెండే: స్పార్క్ వస్తోందా, పెట్రోలు వస్తోందా. ఆ గొట్టంలో చిన్న నలుసు అడ్డం పడితే చాలు, మిగతా బండంతా బంగారంలా ఉన్నా కదలదు.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా ఆయన తయారు చేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైనే. ప్రపంచంలో మొట్టమొదటి దూర ప్రయాణపు కారు అదే. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోయింది. ఆవిడ టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి గొట్టం పొడిచి శుభ్రం చేసి ముందుకెళ్ళింది. అంటే కారు పుట్టిన మూడో ఏటికే ఫ్యూయల్ లైన్ రిపేరూ పుట్టిందన్నమాట. ఆవిడా ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. కానీ ఆ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో ఆవిడకి తెలుసు.

నాయుడు గారి సంగతి నాకు బాగా ఎక్కింది పుస్తకంలో కాదు, మా యూసుఫ్‌గూడలో. నేనుండే రూముకి రెండు సందుల అవతల ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఫైనల్ ఇయర్ మొదలైనప్పటి నుంచి సాయంత్రాలు అక్కడ కూర్చుంటున్నా. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. మొన్న వానాకాలంలో ఒక పాత కారు వచ్చింది. పెట్రోలు వాసన వస్తోంది, మైలేజీ పడిపోయింది అని కంప్లయింటు. మన పక్క సంగతి మీకు తెలిసిందే. గట్టి వాన పడితే కృష్ణానగర్ సందుల్లో నీళ్ళు నిలబడతాయి, కార్లు సగం మునిగి నిలబడతాయి. ఆ బురదంతా కింద చాసిస్‌కి పట్టుకుని ఎండదు. ట్యాంకు నుంచి ఇంజను దాకా కారు పొడవునా వెళ్ళే ఇనప గొట్టం ఏళ్ళ తరబడి అలా తడిసి తుప్పు పడుతుంది.

ఉస్తాద్ ముందు బండి కింద దూరలేదు. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి ఇంజను స్టార్ట్ చేశాడు. అది కాసేపు తిరిగి తనంతట తానే ఆగిపోయింది. తర్వాత బ్యాటరీ వైరు తీశాడు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే అది మనం చదివిందే. పాత కార్బొరేటర్ బళ్ళలో గొట్టంలో ప్రెషర్ చాలా తక్కువ, అర బార్ కూడా ఉండదు. ఇంజెక్షన్ బళ్ళలో మూడు నాలుగు బార్లు ఉంటుంది, ఇంజను ఆపినా ఆ ప్రెషర్ లోపలే ఉండిపోతుంది. చూసుకోకుండా గొట్టం విప్పితే పెట్రోలు మొహం మీదికి చిమ్ముతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే షెడ్డులో అప్పుడు బీడీ కూడా వెలిగించనివ్వలేదు. జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద బండి నిలబెట్టాకే కిందికి వెళ్ళాడు.

టార్చి వేసి చూస్తే వెనక చక్రం దగ్గర గొట్టం చెమర్చి ఉంది. చిల్లు సూది మొనంత. నేనైతే అక్కడ కాస్త రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు బిగిస్తే సరిపోదా అని అడిగా. ఆయన జవాబు చెప్పకుండా చిల్లుకి జానెడు దూరంలో వేలు పెట్టి చూపించాడు. అక్కడ గొట్టాన్ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పు లేదు, ఎప్పుడో ఊడిపోయింది. పట్టు లేని గొట్టం ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఊగి ఊగి బాడీకి రాసుకుంది. పైన పూత పోయింది, అక్కడే తుప్పు తిన్నది, అక్కడే చిల్లు పడింది. చిల్లు పూడ్చినా క్లిప్పు పెట్టకపోతే ఆర్నెల్లలో ఇంకో చోట చిల్లు. పాత గొట్టం విప్పి, దాన్నే నమూనాగా పెట్టుకుని కొత్త గొట్టాన్ని అవే వంపులతో వంచాడు. అన్ని క్లిప్పులూ కొత్తవి వేశాడు. ఇంజను దగ్గర రబ్బరు ముక్క కూడా మార్చాడు, ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే రకమే వేశాడు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కదా, దానికి పనికిరాని పాత రబ్బరు ఉబ్బిపోతుంది, పగుళ్ళు పడుతుంది. రాగి గొట్టం ఎందుకు వాడకూడదో కూడా చెప్పాడు. ఊగీ ఊగీ రాగి గట్టిపడి విరుగుతుందని. మన పుస్తకంలో దాన్ని వర్క్ హార్డెనింగ్ అంటారు. రెండు మార్కుల ప్రశ్న. ఆయనకది ఇరవై ఏళ్ళ అనుభవం.

ఆ రాత్రి రూముకొచ్చి నాయుడు గారి జీవితం మళ్ళీ చదివితే వేరేగా కనిపించింది. ఆయన బండి విప్పింది సరదాకి కాదు. చిల్లు దగ్గర ఆగిపోకుండా క్లిప్పు దాకా వెళ్ళే అలవాటు ఆయనకి అక్కడే వచ్చింది.

మోటార్ సైకిల్ విప్పిన చేతులు ఆయన్ని మెకానిక్‌ని చేశాయి. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఆంగ్ల వ్యాపారి ఆయన పనితనం చూసి నమ్మాడు, అప్పుగా సాయం చేశాడు. 1920లో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళనికి తానే డ్రైవరుగా నడిపారు. పళని అంటే సుబ్రహ్మణ్యస్వామి కొండ, జనానికి కొదవ లేదు. కానీ ఒక్క బస్సుతో బతికేవాడికి బస్సు దారిలో ఆగితే ఆ రోజు కూలీ పోయినట్టే. రోడ్లు గతుకులు. ఆ కాలపు బళ్ళు కూడా అలాంటివే. ప్రపంచమంతా తిరిగిన ఫోర్డ్ మోడల్ టీ సంగతి చూడండి. సీటు కింద ట్యాంకు, పంపు లేకుండా పెట్రోలు దానంతటదే ఇంజనులోకి దిగాలి. నిటారు ఎత్తు వస్తే ఇంజను పైకి, ట్యాంకు కిందికి అయిపోయి పెట్రోలు అందేది కాదు. అందుకని కొండలు రివర్సు గేరులో ఎక్కేవాళ్ళు! బండి నడపాలంటే పెట్రోలు ఎటు నుంచి ఎటు పోతోందో డ్రైవరుకి తెలిసి తీరాల్సిన రోజులవి.

ఆ ఒక్క బస్సు కొన్నేళ్ళలోనే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. దేశంలోనే బాగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మనవైపుతో పోల్చి చూస్తే, నిజాం ప్రభుత్వం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది 1932లో. మన ఆర్టీసీకి మూలం అదే. దానికి 12 ఏళ్ళ ముందే, ఏ ప్రభుత్వమూ వెనక లేకుండా, ఒకప్పటి హోటల్ సర్వరు బస్సులు తిప్పడం మొదలుపెట్టాడు.

బస్సులతో ఆగితే ఆయన ఒక ట్రావెల్స్ ఓనరుగా మిగిలేవారు. 1930లలో ఐరోపా వెళ్ళారు. ఏది చూసినా లోపల ఏముందో కావాలి ఆయనకి. జర్మనీలో చిన్న మోటారు చూశాక, బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం తయారు చేశారు. రాసాంట్ అని దాని పేరు. పల్చటి షేవింగ్ బ్లేళ్ళు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం... జాబితా పెద్దది. 1937లో పీలమేడులోని ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి దేశంలోనే మొదటిది అని చెప్పుకునే ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది. దాని వెనక బాలసుందరం నాయుడు గారి చెయ్యి కూడా ఉంది. ఈరోజు కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపుసెట్లు. మన తెలంగాణ బోర్లలో తిరిగే మోటార్లు ఎన్నో అక్కడి నుంచి వచ్చినవే. మధ్యలో కెమెరా పట్టుకుని లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రని సొంతంగా చిత్రీకరించారు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. అన్నీ గెలిచిన కథ కాదిది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 1952. ఆ ఏడాది ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. నానో కారు రావడానికి 50 ఏళ్ళకి పైగా ముందు మాట! కారు నడిచింది. కానీ తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. 1951 పరిశ్రమల చట్టం వచ్చాక ఎవరు ఏం తయారు చేయాలో ఢిల్లీ చెప్పాలి. ఆ కారు అక్కడితో ఆగిపోయింది. ఏ గొట్టంలో అడ్డం పడినా పిన్నుతో తీసి బండి నడిపించగల మనిషికి, ఫైలులో పడిన అడ్డం తీయడం కుదరలేదు. మా యూసుఫ్‌గూడలోనే చిన్న పరిశ్రమల వాళ్ళకి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది, ఇప్పుడు నిమ్స్‌మే అంటారు. అది ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి 1962లో వచ్చింది. దాని గేటు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్తూ అనుకుంటాను, ఆ కారు ఓ పదేళ్ళు ఆలస్యంగా పుట్టుంటే కథ మారేదా అని. బహుశా మారేది కాదు. లైసెన్సులు పోవడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మనకి సూటిగా తగిలే సంగతి. 1944లో ఆయన బస్సుల వ్యాపారం నుంచి తప్పుకుని చదువు వైపు తిరిగారు. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ఆ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. కాలేజీ అక్కడి నుంచి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా ఆ బస్టాపుని ఇప్పటికీ హోప్ కాలేజ్ అనే పిలుస్తారు. బడి పూర్తి చేయని నాయుడు గారే దానికి ప్రిన్సిపాల్! అప్పుడాయన ఒక మాట తెచ్చారు. ఇంజనీరింగుకి నాలుగేళ్ళు దండగ, అదే సిలబస్ రెండేళ్ళలో చెప్పేయొచ్చు అని. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వచ్చేశారు.

ఈ ముక్క మా రూములో చదివి వినిపిస్తే పెద్ద గొడవే అయింది. సగం మంది, ఆయన చెప్పింది నిజం, నాలుగేళ్ళు వర్క్‌షాపులో చేసింది ఒక ఎల్ జాయింటు, ఒక టీ జాయింటు, మిగతాదంతా రికార్డు రాయడమే అన్నారు. మిగతా సగం, అయినా మనం మెకానికల్ ఎందుకు నేర్చుకోవాలి, అమీర్‌పేట్‌లో మూడు నెలలు జావా నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది కదా అన్నారు. నేనూ అందులోనే ఉన్నా. యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట్ ఎంత దూరం? మా నాన్నగారు కోర్సు ఫీజుకి డబ్బులు పంపేశారు కూడా. ఊళ్ళో పొలం కాగితం బ్యాంకులో పెట్టి కట్టిన నాలుగేళ్ళ ఫీజుకి ఉద్యోగంతోనే జవాబు చెప్పాలి. అది తప్పని నేననను.

కానీ నాయుడు గారితో నాకు ఒక్క దగ్గర పేచీ ఉంది, చెప్పే తీరాలి. నాలుగేళ్ళు దండగ కాదు. ఉస్తాద్ గొట్టం మార్చగలడు, క్లిప్పు ఎందుకు ఊడిందో చెప్పగలడు. కానీ అదే మోడల్ కార్లన్నిటికీ అదే చోట క్లిప్పు ఊడుతుంటే, ఆ క్లిప్పు చోటు మార్చాలని, ఎంత దూరంలో పెడితే గొట్టం ఊగదో లెక్క కట్టాలని చెప్పే చోటుకి ఆయన వెళ్ళలేడు. వైబ్రేషన్స్ పేపర్ రాసిన మనం వెళ్ళగలం. చిక్కల్లా ఏంటంటే, ఆ పేపర్ పాసైన మనలో చాలామంది ఆ క్లిప్పుని కంటితో చూడలేదు. నాయుడు గారి కోపం నాలుగు అనే అంకె మీద కాదని నాకనిపిస్తుంది. చేత్తో ముట్టుకోకుండా గడిచిపోయే ఏళ్ళ మీద. రెండేళ్ళు చేసినా ముట్టుకోకపోతే అవీ దండగే.

ఆయన అదృష్టాన్ని కూడా మర్చిపోకూడదు. అప్పిచ్చి నమ్మిన ఒక మనిషి దొరికాడు. విప్పుకోవడానికి ఒక బండి సొంతంగా ఉంది. అదే తెలివి ఉండి ఆ రెండూ దొరకని వాళ్ళు మన షెడ్డుల్లో ఎంతమంది ఉన్నారో! ఉస్తాద్ దగ్గర పనిచేసే కుర్రాడు పానా నంబరు చెప్పకముందే అందిస్తాడు. వాడికి పదహారేళ్ళు. మన ల్యాబులో సెలవు రోజుల్లో తాళం వేసి ఉండే ఇంజను వాడికి చూపిస్తే ఏమవుతుందో నాకు తెలుసుకోవాలనుంది. హెచ్ఓడీ సార్‌ని పర్మిషన్ అడిగా. లెటర్ రాసి ఇమ్మన్నారు, ఇచ్చా.

నాయుడు గారు 1974 జనవరి 4న పోయారు. 80 ఏళ్ళు బతికారు. ఆయన సేకరించినవీ, తయారు చేసినవీ కోయంబత్తూరులోని మ్యూజియంలో ఉన్నాయి. అదే కుటుంబం 2015లో కార్ల మ్యూజియం కూడా తెరిచింది. ఇండస్ట్రియల్ టూర్ అని ప్రతి ఏడాదీ ఊటీ వెళ్తాం కదా, ఈసారి దారిలో ఒక పూట అక్కడ ఆగుదామని మా సెక్షన్ తరఫున అడుగుతున్నా.

అప్పటిదాకా ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ బండి దగ్గర కూర్చోండి, ఇంజను ఆపి, చల్లారాక. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పెట్రోలు గొట్టాన్ని కంటితో పట్టుకుని ఇంజను దాకా వెళ్ళండి. ఎక్కడ వంగింది, ఎక్కడ రబ్బరు మొదలైంది, పగుళ్ళున్నాయా, ఎలక కొరికిందా, క్లిప్పులన్నీ ఉన్నాయా చూడండి. ఏదీ విప్పక్కర్లేదు. ఒక్క క్లిప్పు తక్కువ కనపడినా మీ దగ్గర్లోని ఉస్తాద్‌కి చూపించండి, ఆయన మారుస్తుంటే పక్కనే నిలబడండి.